ఒక దిగుమతి లైసెన్సు, 355 రోజులు: నా అనుభవం

ల్యాప్‌టాప్‌లు, ట్యాబ్లెట్లు, చిన్న కంప్యూటర్లు విదేశాల నుంచి తెప్పించుకోవాలంటే ఇకపై లైసెన్సు ఉండాలని 2023 ఆగస్టు 3న కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. ఆ సాయంత్రమే మా మేనల్లుడు ఫోను చేశాడు. ఆసుపత్రులకు కంప్యూటర్లు తెప్పించి అమర్చడం వాడి వ్యాపారం. "మామయ్యా, వెనకటి రోజుల్లో మీరు లైసెన్సులు తెచ్చుకున్నారు కదా, ఎన్నాళ్లు పడుతుంది?" అని అడిగాడు. ఇప్పటి సంగతి నాకు తెలియదనీ, నా మొదటి లైసెన్సుకు మాత్రం 256 రోజులు పట్టిందనీ చెప్పాను. అవతల కాసేపు మాట లేదు. వాడు పుట్టింది 1990లో. లైసెన్సు అంటే వాడికి బండి నడపడానికి ఇచ్చే కార్డే. ఫోను పెట్టేసి అటక మీది పాత ఫైలు దించాను. ఇదంతా ఆ ఫైలు ముందు పెట్టుకుని రాస్తున్నదే.

1982లో హైదరాబాదులోని ఒక పారిశ్రామికవాడలో చిన్న షెడ్డు అద్దెకు తీసుకుని పీహెచ్ మీటర్లు తయారుచేయడం మొదలుపెట్టాను. ద్రవంలో పులుపు ఎంతో, క్షారం ఎంతో అంకెల్లో చూపే పరికరం అది. చక్కెర మిల్లులో చెరకు రసానికి సున్నం ఎంత కలపాలో తేల్చాలన్నా, మందుల కంపెనీలో ఒక రసాయన చర్య ఎక్కడ ఆపాలో తెలియాలన్నా ఇదే కావాలి. పెట్టెకు రేకు పక్క వీధిలోనే వంపించేవాళ్లం, ట్రాన్స్‌ఫార్మర్ మేమే చుట్టుకునేవాళ్లం. స్విచ్చులు, నాబులు, అచ్చు వేసిన సర్క్యూటు పలకలు ఊళ్లోనే దొరికేవి. విదేశాల నుంచి రావలసినవి మూడే: కొలతను అంకెలుగా మార్చే 7107 అనే నలభై కాళ్ల చిప్పు, సీఏ 3140 అనే ఎనిమిది కాళ్ల చిప్పు, గాజు ఎలక్ట్రోడు.

ఆ ఎలక్ట్రోడు గురించి కొంత చెప్పాలి, ఈ కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది. చూడటానికి అది వేలంత లావు గాజు గొట్టం. దాని కొసన బఠానీ గింజంత బుడగ ఉంటుంది. బుడగ గోడ మందం మిల్లీమీటరులో పదో వంతు మాత్రమే. లోపల కొద్దిగా ద్రావణం, అందులో మునిగిన వెండి తీగ, తీగ మీద సిల్వర్ క్లోరైడు పూత. ఆ పల్చని గోడకు అటూ ఇటూ ఉన్న ద్రవాల తేడాను బట్టి చిన్న వోల్టేజీ పుడుతుంది. 25 డిగ్రీల వేడిలో ఒక్కో పీహెచ్ అంకెకు 59 మిల్లీవోల్టులు. బుడగ ఎప్పుడూ తడిగా ఉండాలి. రోజుల తరబడి ఎండితే కొలత జారిపోతుంది. కొన్ని నానబెడితే కోలుకుంటాయి, కొన్ని కోలుకోవు.

ఈ మూడింటికీ అప్పట్లో రెండు దారులు ఉండేవి. కోఠి దుకాణాల్లో చిప్పులు దొరికేవి. ధర రోజుకో రకం, బిల్లు ఉండదు. పాత చిప్పు మీద అక్షరాలు చెరిపి కొత్తవి ముద్రించి అమ్మినవీ నా చేతికి వచ్చాయి. బిల్లు లేని సరుకు లెక్కల్లో చూపలేం, లెక్కల్లో లేనిదాన్ని నమ్ముకుని ప్రభుత్వ సంస్థల టెండర్లకు వెళ్లలేం. రెండో దారి లైసెన్సు. 1986లో కొన్ని చక్కెర మిల్లుల నుంచి కలిపి అరవై మీటర్లకు ఆర్డరు వచ్చింది. ఈసారి సరైన దారిలోనే వెళదామని నిర్ణయించుకున్నాను.

దిగుమతులను అదుపు చేసే చట్టం 1947 నాటిది. విదేశీ మారకద్రవ్యం తక్కువగా ఉంది కాబట్టి దేశానికి ముందు ఏది అవసరమో ప్రభుత్వమే నిర్ణయిస్తుందన్నది దాని మూల సూత్రం. ఆ రోజుల కరువును బట్టి చూస్తే ఆ ఆలోచన తప్పని నేను ఇప్పటికీ అనను. విధానాన్ని ప్రకటించే పుస్తకాన్ని అందరం రెడ్ బుక్ అనేవాళ్లం. అంతకుముందు ఏటేటా మారేది, 1985లో మొదటిసారిగా మూడేళ్లకు ఒకేసారి ప్రకటించారు. అందులో సరుకులన్నీ జాబితాలుగా విడదీసి ఉండేవి. కొన్ని పూర్తిగా నిషేధం, కొన్ని పరిమితంగా అనుమతించేవి, కొన్ని ప్రభుత్వ వ్యాపార సంస్థల ద్వారా మాత్రమే రావలసినవి, కొన్ని ఓజీఎల్ (ఓపెన్ జనరల్ లైసెన్స్) కింద విడిగా లైసెన్సు లేకుండా వచ్చేవి. ఒక వస్తువు ఏ జాబితాలో ఉందన్న ప్రశ్న మీదనే ఫ్యాక్టరీల బతుకులు ఆధారపడేవి. ఆ పుస్తకం చదవడమే వృత్తిగా ఉన్న కన్సల్టెంట్లు ఉండేవారు. మాకు సాయపడిన పెద్దాయన పేజీ సంఖ్యలతో సహా అప్పజెప్పేవారు. నా కాగితాలు చూసి, "చిప్పుల సంగతి ఎలాగో గట్టెక్కుతుంది నాయనా, ఆ గాజు గొట్టంతోనే వస్తుంది చిక్కు" అన్నారు.

1986 జూన్ 9న దరఖాస్తు దాఖలు చేశాను. ఆ తేదీ నా డైరీలో ఉంది. చిన్న పరిశ్రమగా శాశ్వత నమోదు పత్రం, ట్రెజరీ చలానా, ఆదాయపు పన్ను బకాయి లేదన్న కాగితం, గత సంవత్సరం ఏ విడిభాగం ఎంత వాడామో చార్టర్డ్ అకౌంటెంటు సంతకంతో లెక్క, అన్నీ పలు ప్రతులుగా ఇవ్వాలి. మా దగ్గర జిరాక్సు యంత్రం లేదు. టైపు చేసేటప్పుడు కార్బన్ కాగితాలు పెడితే నాలుగో ప్రతిలో అంకెలు అలుక్కుపోయేవి. ఆ కారణంతోనే ఒకసారి మొత్తం కట్ట తిరిగి వచ్చింది. ఈ సరుకు ఈ ఫ్యాక్టరీకి నిజంగా అవసరమేనని ముందు రాష్ట్ర స్థాయిలో సిఫారసు చేయాలి. అధికారి వచ్చి షెడ్డు చూడాలి. ఆయన రావడానికి ఐదు వారాలు పట్టింది. వచ్చినాయన మర్యాదస్థుడు, మీటరు ఎలా పనిచేస్తుందో ఆసక్తిగా అడిగి తెలుసుకున్నారు, మా ఇంటి నుంచి తెచ్చిన మజ్జిగ పీహెచ్ ఎంతో కొలిపించుకున్నారు. కానీ ఆయన ఒక్కరే, చూడవలసిన ఫ్యాక్టరీలు వందల్లో ఉన్నాయి.

పెద్దాయన చెప్పిన చిక్కు సెప్టెంబరులో ఎదురైంది. పరిమిత జాబితాలోని వస్తువు తెప్పించుకోవాలంటే అది మన దేశంలో దొరకడం లేదని చూపించాలి. ఆ మాట ఎవరు చెప్పాలి? దేశంలో దాన్ని తయారుచేసేవారే చెప్పాలి. ఉత్తరాదిలో ఒక సంస్థ గాజు ఎలక్ట్రోడ్లు చేస్తోంది. "మీరు మాకు సరఫరా చేయలేరని ఒక ఉత్తరం ఇవ్వండి" అని వారికి రాశాను. ఏ వ్యాపారి అయినా తాను చేయలేనని రాసి ఇస్తాడా? "మేము సరఫరా చేయగలం" అని వెంటనే జవాబు వచ్చింది. ధర విదేశీ ధరకు రెండున్నర రెట్లు, గడువు ఎనిమిది నెలలు, సగం డబ్బు ముందే కట్టాలి. నమూనాకు నాలుగు కొన్నాను. అందులో రెండు వారం రోజుల్లో జారిపోయాయి. ఆ కొలతలన్నీ పట్టికగా రాసి, "ఇవి మా మీటరుకు పనికిరావు" అని నివేదిక జతచేసి మళ్లీ పంపాను. ఆ నివేదిక మీద ఆ సంస్థ అభిప్రాయం కోరారు. వారి జవాబు కోసం మరో రెండు నెలలు ఎదురుచూశాం.

ఆ నెలల్లో ఎన్నిసార్లు లైసెన్సు కార్యాలయం మెట్లు ఎక్కానో లెక్కలేదు. సిటీ బస్సులో వెళ్లి, వరండాలో బెంచీ మీద కూర్చుని, ఫైలు ఏ టేబులు మీద ఉందో కనుక్కుని, మధ్యాహ్నం షెడ్డుకు తిరిగి వచ్చేవాణ్ని. యజమాని రోజులో సగం అక్కడే ఉంటే పని ఎవరు చూస్తారు? మాలాంటి చిన్నవాళ్లకు కరిగిపోయేది ఆ సమయమే. పెద్ద కంపెనీలకు ఢిల్లీలో ఈ పనికే ఒక మనిషి ఉండేవాడు. ఒక ఫైలును కదపడానికి అయ్యే ఖర్చు, అది కోటి రూపాయలదైనా లక్ష రూపాయలదైనా, దాదాపు ఒక్కటే. చిన్న పరిశ్రమను కాపాడతామన్న విధానంలో చిన్నవాడికే భారం ఎక్కువ కావడం నన్ను అప్పుడు ఎంత బాధపెట్టిందో ఇప్పుడూ అంతే బాధపెడుతుంది.

1987 ఫిబ్రవరి 20న లైసెన్సు చేతికి వచ్చింది. నేను అడిగింది 1,80,000 రూపాయలకు, ఇచ్చింది 70,000 రూపాయలకు. గత సంవత్సరం వాడకాన్ని బట్టి కోటా కట్టారు. గత సంవత్సరం విడిభాగాలు దొరకక సగం నెలలు ఖాళీగా కూర్చున్నాం, అందువల్ల వాడకం తక్కువ. వాడకం తక్కువ కాబట్టి కోటా తక్కువ, కోటా తక్కువ కాబట్టి వచ్చే ఏడాది వాడకమూ తక్కువే. ఈ గిరిలో నుంచి బయటపడటానికి కొన్ని రంగాల్లో ఫ్యాక్టరీలు వేరే దారి పట్టాయి. కోటా యంత్రాల సామర్థ్యాన్ని బట్టి ఇచ్చే చోట, అవసరం లేకపోయినా మరో యంత్రం కొని మూలన పెట్టేవారు. కాగితం మీద సామర్థ్యం పెరుగుతుంది, కోటా పెరుగుతుంది. పెట్టుబడికే కరువున్న దేశంలో యంత్రాలు దుమ్ము పట్టి పడి ఉండేవి.

లైసెన్సు రెండు ప్రతులుగా ఉండేది. ఒకటి కస్టమ్స్ కోసం, ఇంకొకటి మారకద్రవ్యం కోసం బ్యాంకులో చూపడానికి. ఇంట్లో బీరువాలో, నగల పెట్టె కింద దాచాను. బ్యాంకులో ఎల్‌సీ, అంటే విదేశీ అమ్మకందారుకు డబ్బు చెల్లిస్తామని బ్యాంకు ఇచ్చే హామీ పత్రం, తెరిచాక సరుకు విమానంలో ఏప్రిల్ 18న దిగింది. అక్కడ కస్టమ్స్ వారు పెట్టె విప్పి, ఎలక్ట్రోడు అంటే మొత్తం పరికరమా, విడిభాగమా అన్న సందేహం లేవనెత్తారు. పరికరమైతే ఒక సుంకం, విడిభాగమైతే మరొకటి. ప్రాథమిక సుంకం, సహాయక సుంకం, అదనపు సుంకం అన్నీ కూడితే సరుకు విలువను మించిపోయాయి. వాదన తేలి, గిడ్డంగికి ఆలస్యపు అద్దె (డెమరేజీ) కట్టి మే 30న బయటికి తెచ్చుకున్నాం. దరఖాస్తు పెట్టిన నాటి నుంచి 355 రోజులు.

షెడ్డులో పెట్టె విప్పిన క్షణం నాకు నిన్నటిలా గుర్తుంది. ప్రతి ఎలక్ట్రోడు కొసకు ద్రావణంతో తడిపిన చిన్న రబ్బరు టోపీ ఉండాలి. పెట్టె విప్పి చూసినవారు కొన్ని టోపీలు తీసి తిరిగి పెట్టలేదు. రేకుల గిడ్డంగిలో, ఏప్రిల్, మే ఎండల్లో ఆరు వారాలు ఉన్నాయి. టోపీల అంచుల్లో తెల్లగా ఉప్పు గట్టిపడి ఉంది. వచ్చిన యాభై ఎలక్ట్రోడ్లనూ గ్లాసుల్లో నానబెట్టి రాత్రంతా కూర్చున్నాను. తెల్లారి కొలిస్తే పదకొండు కోలుకోలేదు. వాటికీ సుంకం కట్టాం.

మిగిలిన ముప్పై తొమ్మిదితో ముప్పై తొమ్మిది మీటర్లు ఇచ్చాను. మిగతా ఇరవై ఒకటికి ఆర్డరు రద్దయింది. పక్క షెడ్డులో నాలాంటి మిత్రుడు ఒకాయన ఉండేవాడు. అతని దగ్గర ఆ ఏడాది ఎనిమిది ఎలక్ట్రోడ్లు అదనంగా మిగిలాయి. ఇవ్వడానికి మనసు ఉంది, ఇస్తే నేరం. లైసెన్సు మీద తెచ్చిన సరుకు తెచ్చుకున్నవాడే వాడాలి, ఇంకొకరికి అమ్మకూడదన్నది షరతు. అతని అలమారలో ఎనిమిది వృథాగా, నా దగ్గర ఎనిమిది మీటర్లు ఖాళీగా.

ఈ విషయం చదువుకున్నవాళ్లు ఏమంటారో చాలా ఏళ్ల తర్వాత తెలుసుకున్నాను. అమెరికా ఆర్థికవేత్త ఆన్ క్రూగర్ 1974లో రాసిన వ్యాసంలో మన దేశపు అనుమతుల విలువను లెక్కగట్టారు. లైసెన్సు ఉన్నవాడికీ లేనివాడికీ మధ్య ఏర్పడే ధర తేడా కోసం జనం పోటీ పడతారు, ఆ తేడా విలువ 1964లో జాతీయాదాయంలో 7.3 శాతం ఉంటుందని ఆమె అంచనా. అందులో పెద్ద భాగం దిగుమతి లైసెన్సులదే. టర్కీలో దిగుమతి లైసెన్సులొక్కటే 1968లో 15 శాతం దాకా ఉందని అదే వ్యాసంలో ఉంది. బెంచీ మీద గడిపిన నా పూటలకూ ఆ లెక్కలో చోటుందని అప్పుడు అర్థమైంది.

ఆ పదకొండు ఎలక్ట్రోడ్లు నన్ను వదల్లేదు. మనమే ఎందుకు చేయకూడదు? ఒక పరిశోధనశాలలో ముప్పై ఏళ్లు గాజు ఊది విరమించుకున్న మేస్త్రీగారి గురించి తెలిసి ఇంటికి వెళ్లి అడిగాను. "ఫ్లాస్కు ఊదమంటే కళ్లు మూసుకుని ఊదుతాను బాబూ, ఇది ఊపిరి కాదు, ఊపిరిలో చివరి చుక్క" అన్నారు. అయినా వచ్చారు. షెడ్డు మూలన బల్ల, గ్యాసు, ఆక్సిజన్ మంట ఏర్పాటు చేశాం. అసలు కష్టం రెండు గాజుల్ని అతకడంలో ఉంది. గొట్టం ఒక రకం గాజు, బుడగ మరో రకం. వేడికి రెండూ ఒకేలా వ్యాకోచించకపోతే చల్లారేటప్పుడు సన్నగా టిక్కుమని పగులుతుంది. మేస్త్రీగారు గొట్టం కొసను మంటలో ఎర్రగా చేసి, కరిగిన బుడగ గాజులో ముంచి ఒక చిన్న ముద్ద తీసుకుని, మంట బయటికి తెచ్చి సగం శ్వాస ఊదేవారు. బుడగ మీద ఇంద్రధనుస్సు రంగులు కనిపిస్తే మరీ పల్చన, కనిపించకపోతే సరిపోయింది. పరికరంతో కొలిచేలోపే ఆయన కంటితో చెప్పేసేవారు.

మొదటి ఏడాది నూటికి తొమ్మిది పనికొచ్చాయి. 1990 నాటికి నూటికి డెబ్బై. 4, 7, 9.2 పీహెచ్ ద్రావణాల్లో పెడితే విదేశీదానికీ మాదానికీ తేడా కనిపించేది కాదు. సుంకాలతో కలిపి విదేశీది మాకు 900 రూపాయలు పడితే, మాది 240 పడింది. ఇద్దరు కుర్రాళ్లు ఆయన దగ్గర పని నేర్చుకుంటున్నారు. లైసెన్సు పద్ధతి గురించి ఇంత చెడ్డగా రాసిన నేనే ఇదీ రాయాలి: ఆ తలుపు మూసి ఉండకపోతే నేను ఆ మేస్త్రీగారి ఇంటికి వెళ్లేవాణ్ని కాదు.

చిప్పులు మాత్రం మంట దగ్గర కూర్చుని చేసేవి కావు. వాటికోసం ఏటా అదే బెంచీ. 1990లో గల్ఫ్ సంక్షోభం, చమురు ధరలతో దేశం మారకద్రవ్యం కరిగిపోసాగింది. ఆ అక్టోబరులో దిగుమతి ఎల్‌సీకి 50 శాతం నగదు ముందే బ్యాంకులో ఉంచాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. 1991 మార్చిలో అది 133 శాతానికి, ఏప్రిల్‌లో 200 శాతానికి పెరిగింది. లక్ష రూపాయల సరుకుకు రెండు లక్షలు కట్టి ఎదురుచూడాలి. నా చేతిలో లైసెన్సు ఉంది, అది చెల్లుతుంది, కానీ ఎల్‌సీ తెరవడానికి డబ్బు లేదు. మే నుంచి ఆగస్టు దాకా మీటరు ఒక్కటి కూడా తయారుకాలేదు. పద్నాలుగు మందిలో ఆరుగురిని ఇంటికి పంపాను. వాళ్లలో ఒకతని భార్య నెలలు నిండిన మనిషి. ఆ సంగతి తెలిసీ పంపాను. ఆ ఏడాది దేశం మొత్తం మీద పారిశ్రామిక ఉత్పత్తి పెరుగుదల ఒక శాతం కూడా లేదని తర్వాత లెక్కలు వచ్చాయి. ఆ అంకె చూసినప్పుడల్లా నాకు ఆ ఆరుగురి ముఖాలే కనిపిస్తాయి.

జూలైలో అన్నీ ఒక్కసారిగా కదిలాయి. పి.వి. నరసింహారావుగారు ప్రధాని, మన్మోహన్ సింగ్ ఆర్థిక మంత్రి. జూలై 1న, 3న రెండు విడతలుగా రూపాయి విలువ తగ్గించారు. డాలరు 21 రూపాయల నుంచి 26 దగ్గరికి వెళ్లింది. 4వ తేదీన వాణిజ్య మంత్రి చిదంబరం కొత్త వాణిజ్య విధానం ప్రకటించారు. 1992 ఏప్రిల్ నుంచి అమలైన విధానంలో ముడిసరుకులు, విడిభాగాలు, యంత్రాలు దాదాపు అన్నిటికీ లైసెన్సు అక్కర్లేకుండా పోయింది. వాడుక వస్తువులు మాత్రం జాబితాలోనే ఉండిపోయాయి. నేను నమ్మలేక ఆ కన్సల్టెంటు పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆయన కొత్త పుస్తకం ముందు పెట్టుకుని కూర్చుని ఉన్నారు. "నీ చిప్పులు ఇందులో లేవు నాయనా. లేవు అంటే రావచ్చు అని అర్థం" అన్నారు. నలభై ఏళ్లుగా పుస్తకంలో ఉంటేనే రావచ్చు, లేకపోతే రాకూడదు. ఆ వాక్యం తలకిందులైంది. ఆ సెప్టెంబరులో ఫ్యాక్సులో ఆర్డరు పంపితే చిప్పులు 23 రోజుల్లో షెడ్డుకు చేరాయి. రూపాయి పడిపోవడంతో ధర ఎక్కువే పడింది. అయినా కావలసినప్పుడు కావలసినన్ని తెచ్చుకోగలగడం ధర కంటే గొప్పది. నెలల తరబడి నిల్వ పెట్టుకోవలసిన డబ్బు చేతిలోకి తిరిగి వచ్చింది. అంతకుముందు ఒకే రకం మీటరు చేసిన మేము రెండేళ్లలో ఐదు రకాలు చేశాం.

1993, 94ల్లో నెల్లూరు, భీమవరం వైపు రొయ్యల చెరువులు వరుసగా వెలిశాయి. ఎగుమతులతో డబ్బు వస్తోంది, చెరువు నీటి పీహెచ్ పొద్దున, సాయంత్రం చూసుకోవాలి. ఇంటికి పంపినవారిలో నలుగురిని తిరిగి పిలిచాను. మేస్త్రీగారి బల్ల దగ్గర రెండో మంట వెలిగింది. మా షెడ్డులో అంత మంచి రోజులు అంతకుముందు లేవు, తర్వాత రాలేదు.

అదే కాలంలో మా అన్నయ్య పరిస్థితి వేరు. ఆయనకు కర్నూలు జిల్లాలో వేరుశనగ నూనె మిల్లు ఉండేది. 1994లో పామోలిన్‌ను 65 శాతం సుంకంతో ఓజీఎల్‌లో పెట్టారు. మరుసటి ఏడాది దాదాపు అన్ని వంటనూనెలనూ 30 శాతానికి, 1998కి 15 శాతానికి తెచ్చారు. పట్టణాల్లో నూనె చవకైంది. పేద ఇంటి ఆడవాళ్లకు అది మేలే, కాదనను. కానీ వానాధారపు ఎర్రనేలలో వేరుశనగ తప్ప మరొకటి పండని రైతుకు, ఢిల్లీలో ఒక జాబితా మారిన సంగతి యార్డులో ధర చూసిన రోజునే తెలిసేది. నేను పండుగకు వెళ్లి చిప్పులు సులువుగా వస్తున్నాయని సంబరంగా చెబితే అన్నయ్య ఏమీ అనలేదు, లేచి మిల్లు వైపు వెళ్లిపోయాడు. ఆయన మిల్లు 1999లో మూతపడింది.

నా వంతు ఆ తర్వాత వచ్చింది. 1991 బడ్జెట్లో 150 శాతంగా ఉన్న అత్యధిక సుంకం 1994కు 65కు, 1997కు 40కి, 2004 జనవరికి 20కి దిగింది. మిగిలిన వాడుక వస్తువుల మీది పరిమితుల విషయంలో అమెరికా ప్రపంచ వాణిజ్య సంస్థకు వెళ్లింది. మారకద్రవ్యం కొరత పేరుతో ఇంకా పరిమితులు పెట్టడం కుదరదని 1999లో తీర్పు వచ్చింది. 1,429 రకాల మీద పరిమితులను 2000 ఏప్రిల్ 1న, 2001 ఏప్రిల్ 1న రెండు విడతలుగా ఎత్తేశారు. మా మీటర్లు ఆ 1,429లోవి కావు, వాటికి తలుపు 1992లోనే తెరిచారు. మమ్మల్ని తాకింది సుంకం తగ్గిన వేగం. పెన్ను ఆకారంలో, జేబులో పెట్టుకునే పీహెచ్ మీటర్లు రావడం మొదలైంది. ఒకటి కొని విప్పి చూశాను. అందులోని ఎలక్ట్రోడు, సర్క్యూటు, తెర, పెట్టె అన్నీ కలిపి అమ్మే ధర, మాకు పడే ముడిసరుకు ధర కంటే తక్కువ. చిప్పుల మీద సుంకం క్రమంగా సున్నాకు వస్తోంది. కానీ మేము తెప్పించే ప్రత్యేకమైన గాజు గొట్టం, ప్లాస్టిక్కు మీద సుంకం ఇంకా అలాగే ఉంది. అప్పు మీద 18 శాతం వడ్డీ కడుతున్నాం, వేసవిలో వారానికి ఒక రోజు కరెంటు కోత. గాజు పనిలో మంట గ్యాసుదే అయినా చల్లార్చే కొలిమి కరెంటుది. కోత పడిన రోజు ఆ పూట చేసిన బుడగలన్నీ పోయేవి.

పోటీ వద్దని నేను అనడం లేదు. నా మీటరు కంటే మంచిది, చవకైనది రొయ్యల రైతుకు దొరికితే అతను అదే కొనాలి. నా బాధ క్రమం గురించి. తయారైన సరుకుకు తలుపు ముందు తెరిచి, దాన్ని తయారుచేయడానికి కావలసిన వడ్డీ, కరెంటు, ముడిసరుకు సుంకం తర్వాత చూద్దాం అన్నారు. ఆ తర్వాత ఎప్పుడో కొన్ని సర్దారు, సర్దేసరికి మా వీధిలో పరికరాలు చేసే తొమ్మిది షెడ్లలో ఆరు గోదాములయ్యాయి. మరీ చేదు సంగతి ఏమిటంటే, 1987లో నన్ను బెంచీ మీద కూర్చోబెట్టిన అదే దేశం, నేను ఆ వస్తువును చేయడం నేర్చుకున్నాక ఒక్కసారి కూడా వచ్చి "నీకేం కావాలి" అని అడగలేదు. రెండు కాలాల్లోనూ నిర్ణయం మా షెడ్డు చూడకుండానే జరిగింది.

2004లో గాజు బల్ల ఎత్తేశాను. మేస్త్రీగారికి అప్పటికి డెబ్బై దాటింది. చేతులు వణకడం లేదు, ఊపిరి తగ్గింది. చివరి రోజు పన్నెండు బుడగలు ఊదారు, పన్నెండూ నిలిచాయి. "కుర్రాళ్లను ఏం చేస్తారు బాబూ?" అని మాత్రం అడిగారు. ఒకడిని మందుల కంపెనీలో ప్రయోగశాల గాజు సామాను మరమ్మతుకు పెట్టించాను. రెండోవాడు ఆటో కొనుక్కున్నాడు. నేను మీటర్లు చేయడం తగ్గించి, దిగుమతి అయినవాటిని పెద్ద ఫ్యాక్టరీల్లో అమర్చి, సరిచేసే పనికి మారాను. డబ్బు పరంగా నష్టపోలేదు, ఇల్లు కట్టుకున్నాను, పిల్లల్ని చదివించుకున్నాను. ఆ చివరి పన్నెండులో రెండు నా దగ్గరే ఉన్నాయి. పొటాషియం క్లోరైడు ద్రావణంలో ఉంచి నెలకోసారి ఆ ద్రావణం మారుస్తాను.

మేనల్లుడికి ఇదంతా ఫోనులో చెప్పలేకపోయాను, ఆదివారం ఇంటికి రమ్మన్నాను. ఫైలులోని పాత లైసెన్సు చేతిలోకి తీసుకుని, వెనక వైపు కస్టమ్స్ వారు వచ్చిన సరుకు విలువను లైసెన్సు మొత్తంలోంచి తీసేస్తూ రాసిన వరుసలన్నీ వేలితో తడుముతూ చదివాడు. ల్యాప్‌టాప్‌ల ఆదేశం అమలును ప్రభుత్వం వెంటనే అక్టోబరు చివరిదాకా వాయిదా వేసింది. నవంబరు 1 నుంచి కంప్యూటర్లోనే దరఖాస్తు చేసుకుని అనుమతి పొందే పద్ధతి పెట్టారు. బెంచీ లేదు, కార్బన్ కాగితం లేదు. వాడికి అది చాలా తేలిక అనిపించింది, నాకూ సంతోషమే వేసింది.

అయినా వెళ్లేటప్పుడు వాడిని గుమ్మం దగ్గర ఆపాను. ఎంత అడిగావో, ఎంతకు ఇచ్చారో, దేన్ని చూసి అంత ఇచ్చారో, దరఖాస్తు పెట్టిన రోజు, అనుమతి వచ్చిన రోజు, అన్నీ ఒక పుస్తకంలో రాసి పెట్టుకోమన్నాను. నా డైరీల్లో ఖాళీగా మిగిలినది ఒకటి తీసి ఇచ్చాను. మొదటి పేజీలో వాడు అక్కడే నిలబడి తేదీ వేసుకున్నాడు.